పక్కన కూర్చునే ఉద్యోగం

మొన్నామధ్య నందిగామలో అంబులెన్సు పనికి శిక్షణ పొందుతున్న పిల్లల ముందు నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. రిటైరైనవాణ్ణి పిలిచి మైకు చేతికిస్తే ఏమవుతుందో తెలిసిందే, ఆ నాలుగు మాటలూ గంటన్నర సాగాయి. పిల్లలు మర్యాదస్తులు, ఆవలింతలు అరచేతుల వెనకే దాచుకున్నారు. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నాను. వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది.

"సార్, మేం డాక్టర్లం కాదు, నర్సులమూ కాదు. ఎవరైనా అడిగితే పారామెడిక్కని చెప్తున్నా. అంటే ఏంటే అని మా నాయనమ్మ రోజూ అడుగుతోంది. ఏమని చెప్పాలి సార్?"

"పారా అంటే కాపలా అని చెప్పు, ఆవిడకి తేలిగ్గా అర్థమవుద్ది" అన్నాడు ముందు వరసలో కుర్రాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అది గ్రీకు మాటమ్మా అంటూ ఏదో చెప్పి బయటపడ్డాను.

జగ్గయ్యపేట బస్సులో కూర్చున్నాక నా మీద నాకే విసుగొచ్చింది. ఆ మాటకు నిఘంటువు చెప్పే అర్థం నాకు తెలుసు. దాన్ని నాకు ఒక మంచం పక్కన చూపించిన మనుషులూ ఉన్నారు. వాళ్ళ సంగతి చెప్పకుండా గ్రీకు గురించి చెప్పి వచ్చాను. అందుకే ఆ పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లూ, బదిలీలూ, పెన్షన్ గొడవలూ ఇందులో ఉండవు. ఊళ్ళ పేర్లు చెబుతాను, మనుషుల పేర్లు మార్చాను, ఆస్పత్రుల పేర్లు మాత్రం అడక్కండి.

గొడుగు కట్టుకుని దూకేవాళ్ళు

డెబ్భైల్లో జగ్గయ్యపేటలో ఒక చిన్న ఆస్పత్రిలో డ్రెస్సరుగా చేరాను. డ్రెస్సరంటే గాయాలు కడిగి కట్లు కట్టేవాడు. కాగితం మీద అంతే. పనిలో దిగాక సూదులు వేయడం, విరిగిన చేతులకు బద్దలు కట్టడం, హైదరాబాదు రోడ్డు మీద లారీ బోల్తా పడితే వ్యానులో పరిగెత్తడం, అన్నీ మీద పడ్డాయి. జనం నన్ను ఎవరికి తోచినట్టు వాళ్ళు పిలిచేవారు. కట్ల సత్యం అన్నారు, సూదాయన అన్నారు, ఇంకొంచెం అభిమానం ఎక్కువైనవాళ్ళు చిన్న డాక్టరు గారూ అన్నారు. ఈ ఆఖరి పిలుపుతో జాగ్రత్తగా ఉండండి. అది విని విని నిజమేననుకుని, ఉద్యోగం మానేసి, ఊళ్ళో గది తీసుకుని బల్ల వేసుకుని కూర్చున్నవాళ్ళని నేనెరుగుదును. వాళ్ళ దగ్గర చెడిన కేసులు మళ్ళీ మా దగ్గరికే వచ్చేవి.

నా మొదటి బాసు డాక్టర్ శేషగిరి గారు. ముక్కుపొడుం, పెద్ద గొంతు, ఇంగ్లీషు మాటల మీద విపరీతమైన మోజు. మందుసీసాల మధ్య ఒక లావుపాటి నిఘంటువు ఉండేది. రోగులు లేనప్పుడు అది తెరిచి, దొరికినవాణ్ణి దొరికినట్టు పట్టుకుని పాఠం చెప్పేవారు. ఒకరోజు పైఆఫీసు నుంచి వచ్చిన ఏదో ఉత్తర్వులో మమ్మల్నందర్నీ కలిపి 'పారామెడికల్ సిబ్బంది' అన్నారు. ఆ మాట నేను వినడం అదే మొదలు. మా కాంపౌండరు పటాలం నుంచి వచ్చినవాడు. పారా అంటే పారాచ్యూటని, విమానంలోంచి గొడుగు కట్టుకుని దూకే సైనికుల వెంట దూకే వైద్యపు మనుషులని ధీమాగా చెప్పాడు. ఆ రోజంతా నన్ను చూసినవాడల్లా "ఎప్పుడు దూకుతున్నావోయ్" అని అడిగాడు. వానలో మామూలు గొడుగు పట్టుకుంటేనే తిరగబడే రకాన్ని నేను.

శేషగిరి గారు నవ్వలేదు. నిఘంటువు తెరిచారు.

"వాడు చెప్పింది పూర్తిగా తప్పేం కాదోయ్. యుద్ధాల్లో గొడుగులతో దూకి దెబ్బతిన్నవాళ్ళని చూసే వైద్యసిబ్బందిని పారామెడిక్కులనే అన్నారు. అయితే పారామెడికల్ అనే మాట అంతకుముందే ఉంది. పారా గ్రీకు నుంచి వచ్చింది, పక్కన అని అర్థం. మెడికల్ లాటిన్ నుంచి, వైద్యం చెయ్యడం. వైద్యం పక్కన ఉండేవాడు. తర్వాత తర్వాత అమెరికాలో అంబులెన్సుల్లో తిరిగి ప్రాణాలు నిలబెట్టేవాళ్ళకి ఆ పేరు స్థిరపడింది" అన్నారు.

"అంటే డాక్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడనాండి?" అన్నాను. నాకప్పటికి కాస్త పొగరుండేది.

ఆయన పొడుం పీల్చి, తుమ్మి, నిఘంటువు మూశారు. "ఎవరి పక్కనో అందులో రాయలేదు. అది నువ్వే తెలుసుకో" అన్నారు.

పొట్టి స్టూలు

శేషగిరి గారికి ఒక పద్ధతి ఉండేది. ఎమర్జెన్సీ గదిలో మంచం పక్కన ఒక పొట్టి స్టూలు వేయించారు. నాడి చూసినా, సెలైను ఎక్కించినా, ఊరికే కనిపెట్టుకుని ఉన్నా, దాని మీద కూర్చునే చెయ్యాలి. నిలబడి కనిపిస్తే రోగి ఎదుటే మమ్మల్ని కేకలేసేవారు. ఆ స్టూలు మీద కూర్చుంటే మన మొహం సరిగ్గా రోగి మొహం ఎత్తుకు వస్తుంది. మొదట్లో నాకది చాదస్తమనిపించింది. మోకాళ్ళు పట్టేసేవి కూడా.

చిల్లకల్లు దగ్గర ఒకసారి సిమెంటు లారీ తిరగబడింది. క్లీనరు రోడ్డు పక్కన పడి ఉన్నాడు, డ్రైవరు కాలు కేబిన్‌లో ఇరుక్కుంది. మేం వెళ్ళేసరికి జనం ముసిరి ఉన్నారు. ఒకడు సోడా పట్టించబోతున్నాడు, ఇద్దరు రెక్కలు పట్టి లాగబోతున్నారు. సాయం చేద్దామనే అందరి తాపత్రయం. శేషగిరి గారు క్లీనరు వైపు వెళుతూ, డ్రైవరు పక్కన ఉండమని నాకు చెప్పారు. నేను నిలబడి జనం మీద అరవడం మొదలుపెట్టాను. జరగండి, గాలి రానివ్వండి, సోడా పట్టించొద్దు అని. నా అరుపులకి డ్రైవరు ఇంకా బెదిరిపోయి కొట్టుకోసాగాడు. కొట్టుకున్నకొద్దీ నెత్తురు కారుతోంది.

"ఏమోయ్ సత్యం, నిన్ను కూర్చోమన్నానా, సభ నడపమన్నానా?" అని అక్కణ్ణించే కేకేశారు డాక్టరుగారు.

పక్కనే బోర్లించి ఉన్న డబ్బా మీద కూర్చున్నాను. గాయం మీద గుడ్డ అదిమిపట్టి, రెండో చేత్తో అతని చెయ్యి పట్టుకున్నాను. ఏ ఊరు, పిల్లలెంతమంది అని అడిగాను. అతను కొట్టుకోవడం మానేశాడు. కేబిన్ రేకు వంచి కాలు తీసేదాకా అలా మాట్లాడుతూనే ఉన్నాం. ఎదురుగా టీ కొట్టు నరసయ్య తన నులకమంచం తెచ్చిచ్చాడు, దాని మీద కదలకుండా పడుకోబెట్టి వ్యానెక్కించాం. డ్రైవరు బతికాడు, కాలు కూడా దక్కింది. ఆ తర్వాత ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా నరసయ్య కొట్టు గోడకి ఆ మంచం చేరేసి ఉండేది. ఇంట్లో పడుకోవడానికి వేరే కొనుక్కున్నాడట.

మీ అంబులెన్సుల్లో ఇప్పుడు నేను పేర్లు కూడా పలకలేని సామాన్లున్నాయి. చూస్తే నాకు అసూయగానే ఉంది. వాటన్నిటినీ నేర్చుకోండి. కాని మనిషి మొహం ఎత్తుకి దిగి కూర్చోవడం ఏ మిషనూ నేర్పదు.

ఇంటి ఆడవాళ్ళు పొలానికెళ్ళరు

ఎనభైల్లో నన్ను నందిగామ వేశారు. పొట్టి స్టూలు వెంట తెచ్చుకున్నాను, శేషగిరి గారే ఇచ్చి పంపారు. అప్పటికి మా మెట్ట ఊళ్ళన్నీ పత్తి మీద పడ్డాయి. పత్తితోపాటు పురుగు, పురుగుతోపాటు మందు, మందుతోపాటు మాకు పని. చేతికి తొడుగు లేకుండా, మూతికి గుడ్డ లేకుండా, గాలికి ఎదురు నిలబడి కొట్టేవాళ్ళు. ఒక మందుకి పురుగు చావకపోతే రెండు మందులు కలిపి కొట్టేవాళ్ళు. పడిపోయినవాణ్ణి ట్రాక్టరు మీద వేసుకొచ్చేవాళ్ళు.

మేం అడిగే మొదటి ప్రశ్న, మందుడబ్బా ఏదీ అని. అది చూస్తే ఏ విషమో తెలుస్తుంది, ఏం చెయ్యాలో తెలుస్తుంది. మా ఊళ్ళలో మనిషి పడిపోగానే ముందు మాయమయ్యేది ఆ డబ్బానే. బావిలోనో, కాలవలోనో, గడ్డివాములోనో దాచేసేవాళ్ళు. పోలీసులొస్తారని, తాగాడంటారని, ఇంటిమీదికి వస్తుందని భయం. అలా దాచినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. భయపడ్డవాళ్ళు. ఈ తేడా తెలియనివాళ్ళు ఈ పనికి రాకండి.

అక్కడ నా బాసు డాక్టర్ ప్రభావతి గారు. నాకంటే చిన్నది, చురుకైన మనిషి, మాట కొంచెం కటువు. ఆస్పత్రి మొత్తానికి ఆవిడొక్కతే డాక్టరు కావడంతో ఒక కాలు కాన్పుల గదిలో, ఒక కాలు ఎమర్జెన్సీలో ఉండేది.

ఒక మధ్యాహ్నం చందర్లపాడు వైపు నుంచి ట్రాక్టరు వచ్చింది. నడుపుతున్నవాడి పేరు సాంబయ్య, వెనక తొట్టిలో అతని తల్లి కోటమ్మ. ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని సాంబయ్య పెళ్ళాం ఝాన్సీ. ఇరవై దాటి ఉండవు. దుప్పటి చుట్టారు, తలకు ఎర్ర తువ్వాలు గట్టిగా బిగించారు. ఒళ్ళంతా చెమట, నోట్లో నురగ, కళ్ళల్లో పాపలు గుండుసూది మొనంత. పురుగుమందేనని చూడగానే తెలుస్తోంది.

"ఏం జరిగింది?" అని అడిగారు ప్రభావతి గారు.

"ఇంట్లోనే ఉందండి. పొద్దున్నుంచీ ఒకటే వాంతులు" అన్నాడు సాంబయ్య.

"చేలో మందు కొట్టారా? అక్కడికేమైనా వెళ్ళిందా?"

"మా ఇంటి ఆడవాళ్ళు పొలానికెళ్ళరండి."

ఆ మాట అంటున్నప్పుడు అతని మెడ కాస్త నిటారైంది. సొంత పొలం, నలుగురు కూలీలని పెట్టి చేయించుకునే కుటుంబం. అలాంటి ఇళ్ళలో కోడలు చేలో పనికి దిగిందంటే నామోషీ. అతను చెప్పిందాంట్లో మాకు అనుమానం రాలేదు. చేలోకి వెళ్ళలేదు, ఇంట్లోనే ఉంది, ఒంట్లో విషముంది. ఇక మిగిలింది ఒకటే, తాగింది. తాగిందీ అంటే ఎందుకు తాగింది, ఎవరు తాగేలా చేశారు అన్న ప్రశ్న వస్తుంది. పోలీసులకి చెప్పక తప్పదన్నారు డాక్టరుగారు. సాంబయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా మాట మార్చలేదు. వెళ్ళి ట్రాక్టరు పక్కన నిలబడ్డాడు.

ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగాం. ఆయా ఒళ్ళు తుడిచి చీర మార్చింది. తువ్వాలు విప్పబోతే కోటమ్మ విప్పనివ్వలేదు. ఒళ్ళు చల్లబడిపోయింది, తలకి గాలి తగిలితే జన్ని కమ్మి ఫిట్సొస్తాయని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. తాగిన కేసే అనుకుంటున్నాం కనక తలతో మాకు పనేముందని వదిలేశాం. విరుగుడుగా అట్రోపిన్ సూదులు మొదలుపెట్టాం. సూది పడితే పాపలు విచ్చుకునేవి, నురగ ఆగేది, ఊపిరి తేలికయ్యేది. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ మొదటికి వచ్చేది. ఇంకో సూది. మళ్ళీ అదే వరస. ప్రతిసారీ ఆ పిల్ల ఇంకొంచెం కిందికి జారిపోతోంది.

కాన్పుల గదిలోంచి పిలుపొచ్చింది. వెళుతూ ప్రభావతి గారు గుమ్మంలో ఆగారు.

"సత్యంగారూ, కడుపులోంచి వచ్చిన నీళ్ళకి మందు వాసన లేదు. తాగిందని నాకనిపించడం లేదు. కాని ఎక్కణ్ణించో ఇంకా ఎక్కుతూనే ఉంది. నేనడిగితే నన్ను పోలీసుని చూసినట్టు చూస్తున్నారు. మీరా స్టూలు మీద కూర్చోండి. మీతోనైనా చెప్తారేమో చూడండి."

కోటమ్మ చెప్పిన మాట

స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చున్నాను. అటువైపు నేలమీద కోటమ్మ, కోడలి చెయ్యి పట్టుకుని. నేను విషం మాటెత్తలేదు. నాడి చూస్తూ, నురగ తుడుస్తూ, మామూలుగా అడిగాను.

"పత్తి ఎట్లా ఉందమ్మా ఈ ఏడు?"

"ఏముందయ్యా, పురుగు తినేస్తోంది."

"మాకూ వత్సవాయి దగ్గర కొంచెం ఉంది. కొట్టించడానికి మనుషులు దొరక్క చచ్చిపోతున్నాం."

"ఎక్కడ దొరుకుతారు? అందరూ మిరప తోటలకే పోతున్నారు. రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుతున్నారు. పురుగు ఆగుతుందా?"

"మరి మీకు చేలోకి నీళ్ళు ఎవరు మోశారు?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. నేనూ ఆవిడ మొహంలోకే చూశాను. స్టూలు పొట్టిది కనక మా ఇద్దరి కళ్ళూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆవిడ తల తిప్పి కోడల్ని చూసింది.

"బయటికి పొక్కితే ఊళ్ళో తలెత్తుకోలేమయ్యా."

"ఎవరికీ చెప్పక్కర్లేదు. నాకూ డాక్టరమ్మకీ చెప్తే చాలు. ఈ పిల్ల ఇప్పుడు మన చేతుల్లోంచి పోతోందమ్మా."

అప్పుడు చెప్పింది. తెల్లారకముందే, ఎవరూ చూడకుండా, మొగుడూ పెళ్ళాం చేలోకి వెళ్ళారు. వెళదామన్నది ఝాన్సీనే. అతను మందు కొడుతుంటే తను బిందెలో మందు కలిపి నెత్తిన పెట్టుకుని అందించింది. బిందె ఒలికింది. ఒలికిన మందు కొప్పులోకి దిగింది. ఊరు లేచేలోపు ఇల్లు చేరాలని అలాగే తుడుచుకుని వచ్చేసింది.

"తలకి పోసుకోలేదా?"

"పోసుకుంటానంది. అప్పటికే ఒళ్ళు చల్లబడుతోంది, చెమటలు. అట్టాంటప్పుడు తలమీద నీళ్ళెవరన్నా పోస్తారా? నేనే వద్దన్నా. తువ్వాలు చుట్టి దుప్పటి కప్పా."

గ్లవుజులు వేసుకుని తువ్వాలు విప్పాను. గుప్పున మందు ఘాటు. కొప్పు తడితడిగా ఉంది. నూనె రాసిన ఒత్తైన జుట్టు మందుని పీల్చుకుని లోపలే పట్టుకుంది. ఆ తువ్వాలు ఆరనివ్వకుండా కాపాడింది. మేం సూదులు వేస్తున్నకొద్దీ నెత్తి మీంచి విషం దిగుతూనే ఉంది. ఆవిడ ప్రేమతోనే బిగించింది. చెబితే కుప్పకూలుతుందని అప్పుడేమీ చెప్పలేదు.

ఆయాని కాన్పుల గదికి పరిగెత్తించాను. ప్రభావతి గారు మరుక్షణం వచ్చారు. ఒక్కమాట తిట్టలేదు. మంచం కిందికి బకెట్ పెట్టి, ఆవిడే తల పట్టుకుని, సబ్బుతో కడిగాం. కోటమ్మ చేత కూడా చేతులు కడిగించి చీర మార్పించారు. ఎన్నిసార్లు కడిగినా జుట్టు కుదుళ్ళలో వాసన పోలేదు.

"కత్తిరించాలమ్మా" అన్నారు డాక్టరుగారు.

వార్డులో ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ముత్తయిదువ, కాపురానికొచ్చి రెండేళ్ళు. ఆ తల మీద కత్తెర పెట్టడమంటే మా వైపు మాటలు కాదు. సాంబయ్యని పిలిచారు. అతను గుమ్మంలో నిలబడి తల్లి వంక చూశాడు. ఆ పిల్ల ఊపిరి గురక పెడుతోంది.

కోటమ్మ లేచింది. నా చేతిలోంచి కట్లు కోసే కత్తెర తీసుకుంది.

"ఎవరో ఎందుకు కొయ్యాలి? పెనుగంచిప్రోలు అమ్మవారికి దీని జుట్టిస్తానని దారి పొడుగునా మొక్కుకుంటూనే వచ్చా. ఆ మొక్కు ఇప్పుడే తీరుస్తున్నా. ఊళ్ళో ఎవడన్నా అడిగితే ఇదే చెప్పండి" అంది కొడుకుతో. అని తనే, ఒక్కొక్క పాయా పట్టుకుని, మాడుకంటా కత్తిరించింది. కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆవిడ పక్కనే నిలబడి బకెట్ పట్టుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆ తర్వాత వేసిన సూది నిలబడింది. పాపలు విచ్చుకుని అలాగే ఉన్నాయి. పొద్దు వాలేసరికి నోరు ఎండిపోయి, మొహం ఎర్రబడి, ఏవేవో పలవరించడం మొదలుపెట్టింది. కోటమ్మ భయపడబోతే, అది మందు పనిచేస్తున్న గుర్తని చెప్పాను. పలవరింతల్లో పక్కింటామె కోడిపెట్టని తిడుతోంది. మర్నాటికి మనుషుల్ని గుర్తుపట్టింది. తల తడుముకుని, అత్త మొహంలోకి చూసింది. అత్తే చెప్పింది, మళ్ళీ పెరుగుద్దిలే అని.

డాక్టరుగారు పోలీసులకి చేలో జరిగిన ప్రమాదమని ఉన్నదున్నట్టే చెప్పారు. సాంబయ్య మీదికి ఏ గొడవా రాలేదు. పరువు దాచబోయి అతను దాదాపు పెళ్ళాన్ని పోగొట్టుకున్నాడు, పైగా జైలు గుమ్మం దాకా వెళ్ళొచ్చాడు. చేలో పనికి దిగిన పిల్ల వల్ల ఆ ఇంటికి పోయిన పరువేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. డిశ్చార్జి రోజు కోటమ్మని కూర్చోబెట్టి అన్నీ చెప్పాను. మందు పడితే బట్టలు విప్పాలి, తలతో సహా సబ్బుతో కడగాలి, డబ్బా వెంట తేవాలి. తువ్వాలు సంగతి కూడా అప్పుడే చెప్పాను. ఆవిడ కోడలి తల నిమురుతూ వింది. ఝాన్సీ మాత్రం మధ్యమధ్య ప్రశ్నలడిగింది. డబ్బా మీద ఏం చూడాలి, సబ్బు లేకపోతే ఎట్లా, రెండు మందులు కలిపితే రెండు డబ్బాలూ తేవాలా అని. శిక్షణలో కూడా అన్ని ప్రశ్నలు నన్నెవరూ అడగలేదు.

మళ్ళీ పత్తికి

మరుసటి ఏడు పత్తి కాలానికి ప్రభావతి గారు బదిలీ అయి వెళ్ళిపోయారు, కొత్త డాక్టరు వచ్చారు. ఒకరోజు పొద్దున నేను వ్యానులో ఒక కాన్పు కేసుని దించి వచ్చేసరికి, ఎమర్జెన్సీ మంచం మీద ఒక నడివయసు కూలీ మనిషి పడుకుని ఉన్నాడు. ఒంటి మీద చొక్కా లేదు, ఎవరిదో పొడి పంచె చుట్టి ఉంది. తల తడిగా ఉంది, సబ్బు వాసన. మంచం కింద ప్లాస్టిక్ సంచీలో విప్పిన బట్టలు, పక్కనే రెండు మందుడబ్బాలు. సూది అప్పటికే పడింది, పాపలు విచ్చుకుంటున్నాయి. నా సర్వీసులో అంత సిద్ధంగా వచ్చిన కేసుని నేను చూడలేదు.

నా స్టూలు ఖాళీగా లేదు. దాని మీద చెవుల దాకా జుట్టున్న ఒకమ్మాయి కూర్చుని, అతని చెయ్యి పట్టుకుని, నురగ తుడుస్తూ, నెమ్మదిగా ఏదో మాట్లాడుతోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమని చెయ్యి ఊపాను. ఝాన్సీ.

"రెండు డబ్బాలూ తెచ్చానండి. తల రెండుసార్లు కడిగా. వీళ్ళావిడ వద్దని మొత్తుకుంది, అయినా కడిగా" అంది.

కొత్త డాక్టరు కలం తీసి, ఆమె వంక చూశారు.

"మీరెవరమ్మా? ఈయనకి మీరేమవుతారు?"

"ఏమీ కానండి" అంది ఝాన్సీ, అతని చెయ్యి వదలకుండానే. "పక్క చేలో ఉన్నా, అంతే."